పాత మోటారు సైకిళ్ల కార్బొరేటర్‌లో పదేపదే వచ్చే అడ్డంకులు: నగరి ప్రాంతం

కార్బొరేటర్‌లోని సన్నని దారులు మురికితో మూసుకుపోవడం, విప్పి కడిగిన కొద్ది వారాలకే తిరిగి మూసుకుపోవడం పాత మోటారు సైకిళ్లకు తరచూ వచ్చే ఇబ్బంది. ఇంజను స్లోలో నిలవకపోవడం, చోకు వేస్తే తప్ప స్టార్ట్ కాకపోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే జర్కులు కొట్టడం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం దీని లక్షణాలు. చిత్తూరు జిల్లా నగరి వైపు మెకానిక్ షెడ్డు దగ్గర బండి నిలిపి "స్టార్ట్ అవతా ఉంది గానీ నిలబడ్డం లేదన్నా" అనే మాట వినిపిస్తే, ముందుగా అనుమానించేది కార్బొరేటర్‌నే.

అందరూ చేసే వైద్యం దాన్ని విప్పి, పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి బిగించడం. ఎప్పుడో ఒకసారి వచ్చిన అడ్డంకికి అది చాలు. నెలకోసారి అదే పని చేయాల్సి వస్తోందంటే మాత్రం వెతకాల్సిన చోటు వేరు. మురికి కార్బొరేటర్‌లో పుట్టేది తక్కువ, పైనుంచి వచ్చి అక్కడ ఆగేది ఎక్కువ. ట్యాంకు, మూత, ట్యాప్, ట్యూబు, పెట్రోలు కొని దాచే పద్ధతి, వీటిలో ఏదో ఒకటి దాన్ని పంపుతూనే ఉంటుంది. ఆ మూలాన్ని పట్టుకోకుండా కార్బొరేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా, విప్పిన ప్రతిసారీ ఇత్తడి మరలు అరగడమే మిగులుతుంది.

నగరి తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న మరమగ్గాల పట్టణం. రేణిగుంట–అరక్కోణం రైలు మార్గం, తిరుపతి–చెన్నై రహదారి దీని మీదుగా పోతాయి, పక్కనే కుశస్థలి నది. మండే ఎండాకాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు, సరిహద్దుకు అటూ ఇటూ వేర్వేరు పెట్రోలు ధరలు. ఈ మూడూ ఇక్కడి పాత బండ్ల ట్యాంకుల్లో ఏం జరుగుతుందో నిర్ణయిస్తున్నాయి.

బండ్లు, వాటి కార్బొరేటర్లు

దక్షిణ రాయలసీమకు చుట్టూ మోటారు సైకిళ్లు తయారైన ఊళ్లే. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాక బుల్లెట్లు చెన్నై తిరువొత్తియూరులో తయారయ్యాయి. మైసూరులో ఐడియల్ జావా వారి జావా, యెజ్డి వచ్చాయి. హోసూరు నుంచి 1980లో టీవీఎస్ 50 బయటికొచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100, 1994లో స్ప్లెండర్ వచ్చి బైకును మామూలు ఇంటి వస్తువును చేశాయి. ఆర్ఎక్స్ 100కు మికుని రకం కార్బొరేటర్, హీరో హోండా బండ్లకు కీహిన్ రకం ఉండేవి. బుల్లెట్లకు చాలాకాలం చెన్నై యూకాల్ సంస్థ చేసిన మిక్‌కార్బ్ అమర్చారు.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అందువల్ల కార్బొరేటర్ పట్టు తెలిసిన చేతులు ఏటా తగ్గుతున్నాయి. ఈ నష్టం చిన్నది కాదు. ఇంజను శబ్దం విని, పెట్రోలు చిమ్మే ఇత్తడి జెట్లలో ఏది మూసుకుందో చెప్పగల మెకానిక్ నేర్పు ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

లోపలి దారులు

కార్బొరేటర్ లోపలి ఇరుకు దారిలో గాలి వేగం పెరిగితే అక్కడ దాని ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడికి పెట్రోలు జెట్టులోంచి పైకి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. ఫ్లోటుతో, చిమ్మే జెట్టుతో పనిచేసే ఈ పద్ధతిని జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ 1893లో రూపొందించాడు. నేటి పాత బండి కార్బొరేటర్ కూడా మూలంలో అదే.

కింద ఫ్లోటు గిన్నె ఉంటుంది. పెట్రోలు తగిన ఎత్తుకు రాగానే ఫ్లోటు లేచి, చిన్న సూదితో దారిని మూస్తుంది. గిన్నెలోంచి పెట్రోలు ముఖ్యంగా రెండు జెట్ల ద్వారా వెళ్తుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, కాస్త తెరిచినప్పుడు పనిచేసేది స్లో జెట్టు, పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్టు. మధ్యలో, అంటే సుమారు పావు నుంచి ముప్పావు వరకు, పైకీ కిందికీ కదిలే పొడవాటి సూది మోతాదును నిర్ణయిస్తుంది. బండి ఏ దశలో మొరాయిస్తోందో చూస్తే అడ్డంకి ఏ దారిలో ఉందో సగం తెలిసిపోతుంది. స్లోలో ఆగిపోతూ రోడ్డెక్కాక బాగా పోతుంటే స్లో జెట్టు. ఊళ్లో బాగుండి రహదారి మీద 50, 60 కిలోమీటర్ల వేగం దాటనంటే మెయిన్ జెట్టు, లేదా గిన్నెకు చేరే పెట్రోలే చాలడం లేదు.

ఎక్కువగా మూసుకునేది స్లో జెట్టే. కీహిన్ స్లో జెట్టు మీద 35, 38 అని ఉండే అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. అంటే 38 అంటే 0.38 మిల్లీమీటరు. ఇంత సన్నని దారికి ఒక్క తుప్పు రేణువు చాలు. పైగా స్లో జెట్టు పక్కల ఇంకా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. గాలి పెట్రోలుతో ముందే కలిసేది వాటిలోంచే. మధ్య రంధ్రం తెరిచి ఉండి ఇవి మూసుకుపోయినా బండి నిలబడదు. జెట్టును వెలుతురుకు పట్టి "కనబడుతోంది కదా" అని బిగించేసేవారు మోసపోయేది ఇక్కడే.

మురికిని చదవడం

గిన్నె విప్పేటప్పుడు అందులోని పెట్రోలును నేల మీద పారబోయడం చాలామందికి అలవాటు. నిజానికి మొత్తం పనిలో అత్యంత విలువైన సాక్ష్యం అదే. ఒక తెల్లని పింగాణీ గిన్నెలోనో పారదర్శకమైన గాజు సీసాలోనో పట్టి, పావుగంట కదపకుండా ఉంచితే అడుగున ఏం చేరిందో తెలుస్తుంది. దాని రంగును, తీరును బట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చు.

ఎర్రటి లేదా గోధుమ రంగు మెత్తని పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుమేనని ఖాయం. అంటుకోనంత మాత్రాన తుప్పు కాదని తేల్చకూడదు, ఎర్రతుప్పు అయస్కాంతానికి అంతగా లొంగదు. నగరి వంటి చోట తుప్పుకు ముఖ్య కారణం ట్యాంకు ఎప్పుడూ ముప్పావు ఖాళీగా ఉండటం. రోజూ మగ్గానికో, పనికో పోయే మనిషి వంద రూపాయల పెట్రోలు పోయించుకుంటాడు. ట్యాంకులో లీటరుకు మించి నిలవదు. మిగిలిన చోటంతా గాలి, ముసురు రోజుల్లో ఆ గాలిలో తేమ. రాత్రి చల్లబడగానే ఆ తేమ లోపలి రేకు మీద నీటిబొట్లుగా చేరి, బరువు కాబట్టి కిందికి జారి, పెట్రోలు అడుగున నిలుస్తుంది. పెట్రోలు ట్యాప్‌కు ఉన్న గొట్టం అడుగు నుంచి కొంత ఎత్తుగా ఉండటం వల్ల మామూలు ఆన్‌లో ఈ నీరు, ఈ తుప్పు కదలవు. రిజర్వులో పెట్టగానే అడుగు నుంచి లాగడం మొదలై, కాలంతో పేరుకున్నదంతా ట్యూబులోకి దిగుతుంది. ఎప్పుడూ రిజర్వు మీదే తిరిగే బండికి పదేపదే అడ్డంకి రావడంలో వింత లేదు.

తెల్లని లేదా బూడిద రంగు పొడి, పక్కనే గోళీల్లా దొర్లే బొట్లు ఉంటే నీళ్లు గిన్నెదాకా వచ్చాయి. కార్బొరేటర్ ఒంటిలోని అల్యూమినియం, జింకు మిశ్రమలోహం నీటితో చర్య జరిపి ఆ తెల్లపొడిగా మారుతుంది. ఇలాంటప్పుడు ట్యాంకు మూత కింది రబ్బరు వాషరును ముందు చూడాలి. ఎండకు అది గట్టిపడి పగిలితే, వానలో బయట నిలిపిన బండి ట్యాంకులోకి నీళ్లు నేరుగా దిగుతాయి.

తేనె రంగులో, జిగటగా, గోరుతో గీస్తే పొరగా లేచేది పెట్రోలు నుంచే ఏర్పడిన జిగురు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికపాటి భాగాలు ముందు ఆవిరైపోతాయి, మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకలా మారుతుంది. నెలల తరబడి కదలని బండికి, పాత పెట్రోలు పోసిన బండికి ఇది వస్తుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద నిలిపితే త్వరగా వస్తుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపి వాడే పాత టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలు ఆవిరై ఆయిలు మాత్రం గిన్నెలో చిక్కగా మిగులుతుంది. అది జిగురుకన్నా తేలిగ్గా కరుగుతుంది కాబట్టి భయపడాల్సింది లేదు.

నల్లని ముక్కలు, మసిలాంటి పొట్టు కనిపిస్తే ట్యూబు లోపలి గోడ ఊడుతోంది. కొత్త ట్యూబు వేశాకే మొదలైతే అది పెట్రోలుకు తగిన రబ్బరు కాదన్నమాట. ఇసుక, సన్నని దుమ్ము ఉంటే ఎయిర్ ఫిల్టరు చిరిగి ఉండాలి, లేదా మూత తీసి పెట్రోలు పోసినప్పుడు పడి ఉండాలి. సన్నని దూదిపోగులు కనిపిస్తే తప్పు చాలా సందర్భాల్లో తుడిచిన గుడ్డదే. షెడ్డుల్లో చేతులు తుడుచుకోవడానికి వాడే నూలు వేస్టుతో గిన్నె లోపల తుడిస్తే, ఒక్క పోగు స్లో జెట్టులో చిక్కుకుని చేసిన పనంతా వృథా చేస్తుంది. లోపలి భాగాన్ని గాలితో ఆరబెట్టాలి, గుడ్డతో కాదు.

పెట్రోలులో వచ్చిన మార్పు

దేశంలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండూ ఉన్నాయి. 2022 జూన్ నాటికి దేశం సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 1985లోనో 1994లోనో రూపొందిన ఇంజను ఈ పెట్రోలును లెక్కలో పెట్టుకుని చేసింది కాదు.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు 0.5 శాతం నీటిని తనలో ఇముడ్చుకోగలదు. అంటే లీటరుకు 5 మిల్లీలీటర్లు, ఒక టీస్పూను. అది దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున వేరే పొరగా చేరతాయి. ట్యాంకులో లీటరే ఉంటే వానకు ఒక్క స్పూను నీళ్లు దిగినా ఆ ప్రమాదం ఉంది. నిండా ఉంటే అవే నీళ్లు కలిసిపోయి ఇంజనులో కాలిపోతాయి. 20 శాతం పెట్రోలు ఇంకాస్త ఎక్కువ నీటిని మోయగలదు, కానీ విడిపోతే అడుగున చేరే పొర కూడా పెద్దదే. వంద రూపాయల పెట్రోలు అలవాటు ఈ లెక్క దగ్గర నిజంగా ఖరీదైనదవుతుంది.

ఇథనాల్‌కు మరో గుణం ఉంది. ట్యాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న పాత జిగురును అది కరిగించి వదులు చేస్తుంది. పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది. ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టని బండి ఉన్నట్టుండి మొరాయించడానికి ఇది ఒక కారణం. మైలేజీ విషయంలో, పెట్రోలు కోసం చేసి 10 శాతానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాలు 20 శాతం ఇంధనంతో 3 నుంచి 4 శాతం నష్టపోతాయని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. అంతకు మించి పడిపోతే ఇథనాల్‌ను నిందించి వదిలేయకుండా కార్బొరేటర్‌ను, చక్రాల బ్రేకులను చూడాలి.

సరిహద్దు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పన్ను ఎక్కువ కావడంతో ఇటీవలి సంవత్సరాల్లో పెట్రోలు తమిళనాడుకన్నా లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువగా ఉంటోంది. నగరి నుంచి తిరుత్తణి, పళ్లిపట్టు వైపు పోయినవాళ్లు అక్కడి బంకులో ట్యాంకు నింపుకొని రావడం సహజం, బండికి మేలు కూడా. చెడు జరిగేది క్యానుల్లో తెచ్చి ఇంట్లో దాచినప్పుడు. మూత సరిగా బిగియని ప్లాస్టిక్ క్యానులో పెట్రోలు తేలిక భాగాలను పోగొట్టుకుని తేమను పీల్చుకుంటుంది, అంతకుముందు ఆ క్యానులో ఉన్న కిరోసిన్ చెమ్మో, మురికో ట్యాంకులోకి చేరుతుంది. ఇంట్లో అగ్ని ప్రమాదం మాట వేరే చెప్పక్కర్లేదు. పల్లెల్లో సీసాల్లో అమ్మే పెట్రోలుకూ ఇదే వర్తిస్తుంది.

అడ్డంకిలా కనిపించే ఇతర లోపాలు

ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు దిగిన కొద్దీ లోపల శూన్యం ఏర్పడి, కొన్ని కిలోమీటర్ల తర్వాత బండి ఆగిపోతుంది. కాసేపు నిలిపితే మళ్లీ నడుస్తుంది. దీన్ని పట్టుకోవడం సులభం. గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును సీసాలోకి పట్టాలి. ధార ఆగకుండా ఒకే తీరున రావాలి. మొదట బాగా వచ్చి సన్నబడుతుంటే మూత తెరిచి చూడాలి. తెరవగానే ధార పుంజుకుంటే లోపం మూతది. తెరిచినా పుంజుకోకపోతే ట్యాప్‌లోని జాలీ, ట్యూబు, లేదా ఫ్లోటు సూది దారి. పది నిమిషాల పని ఇది, కార్బొరేటర్ విప్పకముందే చేయదగ్గది.

కార్బొరేటర్‌కు, ఇంజనుకు మధ్యనున్న రబ్బరు పగిలితే అక్కడి నుంచి గాలి దూరి స్లో ఒక చోట నిలవదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వేడెక్కాక చెడే ఇగ్నిషన్ కాయిల్ కూడా పెట్రోలు అందని లక్షణాలే చూపిస్తుంది. ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. మరమగ్గాల షెడ్డు పక్కన రోజంతా నిలిచే బండికి ఎయిర్ ఫిల్టరు మీద నూలు పీచు, దుమ్ము చేరవచ్చు. గాలి తగ్గి పెట్రోలు మోతాదు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. ఇది జెట్టు మూసుకోవడానికి పూర్తిగా తలకిందులు.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే బండి లాగడం లేదనే ఫిర్యాదు ఈ ప్రాంతంలో ప్రత్యేకం. పైకి వెళ్లేది 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా. కొండపైన గాలి కాస్త పలచన కావడం వల్ల బలం కొద్దిగా తగ్గడం మామూలే. కానీ ఆ ఎత్తుకు బండి ఆగిపోయేంత తేడా రాదు. చాలాసేపు యాక్సిలరేటర్ బాగా తిప్పి ఉంచాల్సి రావడంతో, కింద మైదానంలో బయటపడని పెట్రోలు కొరత అక్కడ బయటపడుతుంది. అందుకే ఘాట్‌లో మొరాయించిన బండికి స్లో జెట్టు కడిగి పంపడం తప్పు. ట్యాప్ నుంచి మెయిన్ జెట్టుదాకా ధారను పరీక్షించాలి.

శుభ్రం చేసే పద్ధతి

విప్పేముందు చుట్టూ దుమ్ము తుడవాలి. స్లో మిశ్రమాన్ని సర్దే గాలి స్క్రూను లోపలికి మెల్లగా తిప్పుతూ అది ఆనేదాకా ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోవాలి, తిరిగి బిగించేటప్పుడు అదే కొలత. స్టార్ట్ చేసి ఉన్నప్పుడు ఈ స్క్రూను అటూ ఇటూ తిప్పినా ఇంజను శబ్దంలో ఏ మార్పూ రాకపోతే స్లో దారి మూసుకుందని దాదాపు ఖాయం. రబ్బరు రింగులు, ప్లాస్టిక్ ఫ్లోటు తీసి పక్కన పెట్టాకే క్లీనర్ స్ప్రే కొట్టాలి, లేకపోతే అవి ఉబ్బిపోతాయి.

ఇత్తడి మెత్తని లోహం. ఉక్కు తీగో, గుండుసూదో జెట్టులోకి దూరిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా మైలేజీ తిరిగి రాదు. కరెంటు వైరులోని రాగి పోగు ఒక్కటి, అదీ రంధ్రంకన్నా సన్ననిది, లేదా నైలాన్ పోగు వాడాలి. గట్టి జిగురైతే క్లీనర్‌లో నానబెట్టడమే దారి. ఇత్తడి జెట్లను శుభ్రం చేయడంతో పని అయిపోదు. కార్బొరేటర్ ఒంటిలోనే తొలిచిన దారులుంటాయి. ఒక చోట స్ప్రే కొడితే ఎక్కడి నుంచి బయటికి రావాలో చూసి, ప్రతిదీ వస్తోందని నిర్ధారించుకోవాలి. కంప్రెసర్ గాలిని పెట్రోలు వెళ్లే దిశకు ఎదురుగా కొడితే చిక్కుకున్నది వచ్చిన దారినే బయటపడుతుంది. నోటితో పీల్చడం, ఊదడం ఆరోగ్యానికి హాని, కళ్లకు అద్దాలు లేకుండా స్ప్రే కొట్టడం కూడా అంతే. కొత్త జెట్టు కొంటే పాతదాని మీది అంకెనే కొనాలి. మికుని, కీహిన్ అంకెలు ఒకే కొలత కావు.

ట్యూబులో చిన్న ఫిల్టరు పెట్టడం మంచిదే. అయితే అది నీటిని ఆపదు, కరిగిన జిగురును ఆపదు. పెట్రోలు బరువుతోనే కిందికి దిగే బండ్లలో మరీ చిక్కటి ఫిల్టరు ధారను తగ్గించి కొత్త ఇబ్బంది తెస్తుంది. తుప్పు ట్యాంకుకు ఫిల్టరు పెట్టి సరిపెట్టుకుంటే, కార్బొరేటర్‌కు బదులు ఫిల్టరు మూసుకుంటుంది.

ట్యాంకు

ఎర్రపొడి కనిపించిన బండికి అసలు పని ఇక్కడే. ట్యాంకు దించి, ట్యాప్ విప్పి, పెట్రోలు పూర్తిగా ఖాళీ చేసి, ఆవిరి పోయేదాకా సబ్బు నీళ్లతో కడగాలి. తేలికపాటి తుప్పుకు చింతపండు పులుసు, వెనిగర్ వంటి బలహీన ఆమ్లాన్ని ఒకటి రెండు రోజులు నిండుగా పోసి ఉంచితే చాలు. పెచ్చులుగా లేచే తుప్పుకు చిన్న నట్లు వేసి కుదపాలి. వేసినన్ని నట్లూ లెక్కపెట్టి బయటికి తీయాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వేగంగా పనిచేసినట్టు కనిపిస్తుంది గానీ మంచి రేకునూ తినేస్తుంది, కడిగిన గంటకే కొత్త తుప్పు లేస్తుంది. చాకలి సోడా నీటిలో బ్యాటరీ చార్జరుతో చేసే విద్యుత్ పద్ధతి రేకును తినదు. అయితే అందులో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి, లోపల పెట్టే కడ్డీ మామూలు ఇనుముదై ఉండాలి, స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు.

ఆమ్లం వాడితే తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఈ పనికి నగరి ఎండాకాలం అనువైనది. ఆరిన వెంటనే కొద్దిగా టూ స్ట్రోక్ ఆయిలు కలిపిన పెట్రోలును లోపల అన్ని వైపులా తిప్పి, అదే రోజు ట్యాంకు నింపాలి. లోపల పూత వేయించే ముందు అది ఇథనాల్‌కు తట్టుకునే రకమో కాదో అడిగి తెలుసుకోవాలి. తట్టుకోని పూత పెచ్చులుగా ఊడి జెట్లలోకే చేరుతుంది.

మూడు నాలుగు వారాలకు మించి నిలిపే బండికి ట్యాప్ మూసి, గిన్నె అడుగు స్క్రూ విప్పి పెట్రోలు తీసేయాలి. ట్యాంకును మాత్రం నిండుగా ఉంచడమే మేలు. పనంతా చేశాక వారం రోజులు బండి వాడి, గిన్నె పెట్రోలును మరోసారి సీసాలో పట్టి చూడాలి. అడుగున ఏమీ చేరకపోతే మూలం దొరికినట్టే. మొదటిసారి కనిపించిన రంగే మళ్లీ కనిపిస్తే కార్బొరేటర్‌ను ముట్టుకోకుండా ట్యాంకు వైపే ఇంకో మెట్టు పైకి వెతకాలి.